మూడోది

రాత్రే కేకేసింది ఆర్డిస్ ట్వైట్,
"వేడి తగ్గకముందే నూనె దించెయ్!"
మాసీ ఫెర్గూసన్ కడుపు కింద మోకాళ్ల మీద కూర్చుని
నల్లగా జారే నూనెను డబ్బాలోకి పట్టాను.
ఒక చేత డబ్బా, ఇంకో చేత బ్యాటరీ,
షెడ్డు నుంచి వంటింటికి అరవై అడుగులు.
గడప దాటేసరికి భుజాలు నావి కావు.

పొయ్యి పక్కన ముగ్గురినీ వరసగా పడుకోబెట్టింది:
సాయంత్రం నేను లాగి బయటేసిన దూడ,
ఉన్ని కోటు కప్పుకున్న బ్యాటరీ,
మూత బిగించిన నూనె.
నాలుగోదాన్ని నేను. నాకు సోఫా.

ఉత్తర డకోటాలో ఈ మూలకి
కరెంటు పోయి రెండో రోజు.
మంచు బరువుకి తీగలు తెగాయి,
నా కారు ఎక్కడుందో యాంటెన్నా చెబుతోంది.
ట్రాక్టరు తిరిగితే జనరేటర్ తిరుగుతుంది,
జనరేటర్ తిరిగితే పంపు.
రాత్రంతా తిప్పుదామంటే ట్యాంకులో డీజిల్ అడుగంటింది.
కొట్టంలో నలభై మూడు ఆవులు
తొట్టిలో గడ్డకట్టిన నీళ్లను నాకుతున్నాయి.

తెల్లారింది అనడమే గానీ వెలుతురు లేదు.
సున్నాకి ముప్పై కింద.
ముక్కులో వెంట్రుకలు ముళ్లయ్యాయి.
గాజు గిన్నెలో డీజిల్
పేరిన నెయ్యిలా తెల్లబడి కూర్చుంది.
కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి ఫిల్టరు మీద పోసింది,
సన్నటి ధారగా, తొందర లేకుండా,
పసిపిల్ల తల మీద పోసినట్టు.
సగం నీళ్లు మిగుల్చుకుంది. ఎందుకో అడగలేదు.

"తాళం ఎడమకి తిప్పు. ఇరవై లెక్కపెట్టి, అప్పుడు అటు."
ఆమెకి చెవులు పోయి పదకొండేళ్లు.
నా లెక్క ఏ భాషలో ఉన్నా ఆమెకి ఒకటే.
ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిది దగ్గర
పళ్లు టకటకలాడి అంకె విరిగింది.

తిప్పాను.
మూలిగింది. అంతే.

మళ్లీ ఇరవై.
ఈసారి ఒక దగ్గు, గొట్టంలోంచి తెల్లటి పొగ,
పాత గోనెసంచి కాలిన వాసన.
సీటు కింద ఈథర్ డబ్బా నా కంటబడింది.
నా చూపు ఎటు పోయిందో ఆమె చూసింది.
"ముట్టుకోకు! ఒకసారి మప్పితే
రోజూ అదే కావాలంటుంది.
మా తమ్ముడు లైల్ అట్లాగే రెండు ఇంజన్లు పాడుచేశాడు."
లైల్ గురించి ఇంకేదో అనబోయి
కెటిల్ మూత సరిచేసుకుంది.

మూడోసారి మొదలుపెట్టే ముందు
చేతి తొడుగు తీసేసింది ఆర్డిస్.
డెబ్బై ఎనిమిదేళ్ల అరచెయ్యి,
బొటనవేలి గోరు లేని చెయ్యి,
బానెట్ మీద పాత గుడ్డ పరిచి ఆన్చింది.
నేను ఆవు డొక్క మీద పెట్టే చోటు లాంటి చోటే.

పట్టుకుంది!
డబ్ అని ఒకటి, చాలాసేపు అదొక్కటే,
కుంటుతూ, ఆగుదామా అన్నట్టు.
తర్వాత రెండోది తోడొచ్చింది.
షెడ్డు రేకులు వణికి ధూళి మంచు రాలింది.

"ఎన్ని?" అని అరిచింది.
రెండు వేళ్లు చూపించాను. చెవులున్నవాణ్ణి కదా.
తల అడ్డంగా ఊపి
రెండో చేత్తో నా మూడో వేలు ఎత్తింది.
నేను వినలేదు.
ఇంకో నాలుగైదు దెబ్బల తర్వాత వినపడింది,
లోపలెక్కడో గొంతు సవరించుకున్నట్టు,
అప్పుడు మూడూ కలిసి ఒకటే మోత.

కొట్టంలో బల్బు ఎర్రగా వెలిగి, ఆలోచించి, తెల్లబడింది.
పంపు రెండుసార్లు వెక్కి నీళ్లు కక్కింది.
ఆవులు తోసుకొచ్చిన చప్పుడు నాకు,
నేల అదురు ఆమెకి.

చెయ్యి తీసింది. గుడ్డ బానెట్‌కే అంటుకుపోయింది.
"తర్వాత ఊడుతుందిలే" అని
కెటిల్లో మిగిలిన నీళ్లతో కాఫీ కలిపింది.
వేడి తగ్గిపోయిన కాఫీ, కప్పు అంచున డీజిల్ వాసన.
ఇద్దరం నిలబడే తాగేశాం.